గంజులకు అంటించిన నంబర్లు

అన్నం వండే గంజులకు నంబర్లు అంటిస్తానని మా సేటు అల్లుడు చెప్పిన రోజు, నవ్వు ఆపుకోలేక బయటికి పోయి చాయ్ తాగి వచ్చాను. గంజు అంటే ఏమిటి? పొయ్యి మీద పెడితే ఉడికిస్తుంది, తోమితే మెరుస్తుంది, బోర్లిస్తే పడి ఉంటుంది. దాని గురించి అంతకంటే తెలుసుకోవలసింది ఏముంది? ఇరవై ఏళ్ళకు పైగా టెంట్ హౌస్ గోదాము నా చేతిలో ఉంది. దుకాణం కామారెడ్డిలో, పెద్ద గోదాము ఎల్లారెడ్డిలో. పెండ్లి అయినా, చావు అయినా, లీడర్ల మీటింగ్ అయినా షామియానాలు, కుర్చీలు, గంజులు మా దగ్గరే ట్రాక్టర్ ఎక్కుతాయి. ఏవి పోయాయి, ఏవి వచ్చాయి అని చూసుకునే పని నాది. ఆ పనిలో నన్ను మించినవాడు ఈ జిల్లాలో లేడని నాకు గట్టి పొగరు.

వస్తువులు పోవడం మా వ్యాపారంలో కొత్త కాదు. బీబీపేటకు పెండ్లికి పోయిన గంజు ఆరు నెలల తర్వాత దోమకొండలో ఎవరి పెరట్లోనో నీళ్ళు కాగబెడుతూ కనిపిస్తుంది. ఒకే ముహూర్తానికి పక్కపక్కన రెండు పెండ్లిళ్ళుంటే మావి వాళ్ళ ట్రాక్టర్లో, వాళ్ళవి మా ట్రాక్టర్లో. అందుకే ప్రతి గంజు మీద చుక్కలు చుక్కలుగా సేటు ఇంటిపేరు కొట్టించాం. తోమీ తోమీ ఆ చుక్కలు అరిగిపోతే నేను సొట్టలు చూసి గుర్తుపట్టేవాణ్ణి. "ఈ సొట్ట మనదే, ఫలానా పెండ్లిల వంటాయన గంటె ఇసిరికొడితే పడ్డది" అని చెప్తే ఎదుటివాడు నోరెత్తేవాడు కాదు.

అల్లుడు సారు హైదరాబాద్‌లో ఒక బట్టల కంపెనీ గోదాములో పనిచేసి వచ్చాడు. వచ్చిన వారానికే నా చేతిలోని లెక్కల పుస్తకం వంక, ఎవరో చచ్చిన ఎలుకను పట్టుకొచ్చినట్టు చూశాడు. "అన్నా, గింత కష్టపడుడు అవసరమే లేదు. ప్రతి దానికి ఒక ట్యాగ్ పెడదం. గన్ను ఇట్ల తిప్పితే చాలు, ఏది ఉన్నది, ఏది లేదు, మొత్తం అదే చెప్తది" అన్నాడు.

"గన్ను తిప్పితే ఎవరికన్న తగుల్తది సారూ, జెర పైలం" అన్నాను. హమాలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆయన చెప్పింది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. అర్థం కానట్టు ముఖం పెట్టడం నాకు ఇష్టం, అంతే. ట్యాగ్ అంటే వేలెడంత ముక్క. దాని కడుపులో ఆవగింజకన్నా చిన్న చిప్పు, దాని చుట్టూ వెంట్రుకలాంటి తీగ. బ్యాటరీ ఉండదు. చేతిలో పట్టుకునే తుపాకీలాంటి మిషన్ తరంగాలు వదిలితే, ఆ తరంగాల బలంతోనే ట్యాగ్ లేచి తన నంబర్ చెబుతుంది. కిరాణా దుకాణంలో గీతల స్టిక్కర్‌ను ఒక్కొక్కటిగా మిషన్‌కు చూపించాలి. దీనికి ఆ బాధ లేదు. గుట్టలో అడుగున ఉన్నా, మూటలో ఉన్నా, దూరం నుంచే వందల నంబర్లు ఒక్కసారి చెప్పేస్తుంది. అంతేకాదు, ఫలానా వస్తువు ఎక్కడుందో వెతకాలంటే ఆ నంబర్ కొట్టి నడుస్తూ పోవచ్చు. దగ్గరికి పోయినకొద్దీ మిషన్ కూత ఎక్కువ చేస్తుంది.

కామారెడ్డిలో ఒక బట్టల షోరూంకు నన్ను తీసుకుపోయి చూపించాడు కూడా. కౌంటర్లో ఉన్న ఆడపిల్ల చీరల అర ముందు మిషన్‌ను గాలిలో ఒక ఊపు ఊపింది. అర నిండా ఉన్న చీరలన్నీ స్క్రీన్ మీదికొచ్చాయి. ఏ రంగు, ఏ సైజు, ఏవి అయిపోవస్తున్నాయి, అన్నీ. దొంగతనంగా చీర పట్టుకుపోతే తలుపు దగ్గరి గేటు మొత్తుకుంటుందట. బాగానే ఉంది, కాదనను. "పట్టుచీరలు సుకుమారం సారూ, చెప్పినట్టు ఇంటయ్. గంజులు మొండియి" అని మాత్రం అన్నాను.

మొదటిసారి తెప్పించిన ట్యాగులు నా మాట నిలబెట్టాయి. అవి కాగితం స్టిక్కర్లు. ఎల్లారెడ్డి గోదాములో రోజంతా గంజులకు అంటించి, సాయంత్రం మిషన్ తిప్పితే స్క్రీన్ మీద సున్నా. లోహం మీద మామూలు ట్యాగ్ పనిచేయదట! ఆ ముక్క ముందు తెలుసుకోకుండా రెండు డబ్బాల స్టిక్కర్లు తెప్పించిన చదువుకు దండం పెట్టాలి. ఆ రోజు నేను బస్టాండ్ దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుని వచ్చినవాడికల్లా ఈ కథ చెప్పాను. అడిగినవాడికి, అడగనివాడికి.

రెండోసారి లోహం మీద పనిచేసేవి తెప్పించాడు. కింద రబ్బరులాంటి మందం, పైన నల్లటి రేకు. కుర్చీలకేమో ప్లాస్టిక్ కాబట్టి మామూలువే పెట్టారు. గోదాము తలుపుకు రెండు వైపులా గేటు నిలబెట్టారు. ట్రాక్టర్ లోపలికి వస్తుంటే ఏమేం వచ్చాయో దానంతట అదే రాసుకుంటుంది. నెల తిరక్కుండానే మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ నుంచి వచ్చిన ట్రాక్టర్ ఇంకా ఆగకముందే, పద్దెనిమిది కుర్చీలు తక్కువ అని గేటు చెప్పేసింది. ఫోన్ చేస్తే ఫంక్షన్ హాల్ వాచ్‌మన్ మరాఠీలో ఏదో అని, వెనక గదిలో ఉన్నాయని ఒప్పుకున్నాడు. దించి, పేర్చి, లెక్కపెట్టేసరికి నాకు పూట పట్టే పని. సేటు నా ముందే అల్లుడి భుజం తట్టాడు. నా కడుపు ఎంత మండిందో నాకే తెలుసు.

ఇక గంజులు. అన్నిటికీ పెట్టలేదు, ముందు సగానికి పెట్టి చూద్దామన్నారు. అడుగున పెడితే మంటలో కాలుతుంది, లోపల పెడితే అన్నంలో కలుస్తుంది. అందుకని అంచు కింద, బయటివైపు, గమ్‌తో అంటించారు. ఎక్కడ అంటించాలో నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణేమో. చెప్పకపోయేవాణ్ణేమో కూడా.

ఎందుకంటే మా గోదాములో అంచు కింద ఏమీ ఉండకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. గంజు తోమి తెస్తే నేను లోపల చూడను. మెరుపు ఎవడైనా తెస్తాడు. అంచు కింద వేలు పెట్టి చుట్టూ తిప్పుతాను. జిడ్డు తగిలినా, మెతుకు తగిలినా, ఏ గరుకు తగిలినా మళ్ళీ నీళ్ళ దగ్గరికే. అంచు కింద ఎండిన పప్పు మిగిలితే మర్నాటి పెండ్లిలో వాసన వస్తుంది. పేరు పోయేది మాది.

తిరిగొచ్చిన ఆ గంజులను గోదాములోనే తోమేది ఒక అవ్వ. అరవై దాటిన మనిషి. భర్త లేడు, కొడుకు లేడు. బీడీలు చుట్టే కోడలితో కలిసి ఎల్లారెడ్డిలోనే గోదాముకు రెండు గల్లీల అవతల ఉంటుంది. నేను గోదాముకు వచ్చిన కొత్తలోనే పనిలో కుదిరింది. నన్ను మొదటి రోజు నుంచీ "బిడ్డా" అంటుంది. బూడిద, ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి కూర్చుంటే మసి గంజు అద్దమై లేచేది. నా వేలికి ఆమె గంజు ఏనాడూ దొరకలేదు.

తోమేటప్పుడు గంజుల్లో ఏవేవో దొరుకుతుంటాయి. వడ్డించే ఆడవాళ్ళ మెట్టెలు, పసిపిల్లల వెండి మురుగులు, ఒకసారి ముక్కుపుడక. దొరికినదాన్ని అవ్వ కడిగి, కొంగుకు కట్టుకుపోయి, ఇంట్లో గూట్లో దేవుడి పటాల వెనక పెట్టేది. ఎవరన్నా వెతుక్కుంటూ వస్తే ఆనవాలు అడిగి ఇచ్చేది. గోదాములో పెడితే పదిమంది చేతులు తిరుగుతాయని ఆమె భయం. ముక్కుపుడక కోసం దోమకొండ నుంచి వచ్చిన ఆమె అవ్వ కాళ్ళకు మొక్కబోతే, "నాదేముందమ్మా, నీ కడుపు సల్లగుండ" అని పంపించింది. ఎల్లారెడ్డిలో పెండ్లి చేసేవాళ్ళు మా దుకాణానికి రావడానికి ఆ అవ్వ పేరు కూడా ఒక కారణం. పెండ్లి ఇంట్లో సామాను మధ్యన, దేనికీ తాళం వెయ్యకుండా, ఎవరైనా నమ్మి వదిలేయగల మనిషి ఆమె. ఆమెకున్న ఆస్తి ఆ నమ్మకమే.

ట్యాగులు అంటించిన రెండు పెండ్లిళ్ళకే అవ్వ నా దగ్గరికి వచ్చింది. కొంగులో ఏడెనిమిది నల్లముక్కలు.

"బిడ్డా, ఏందివి? గంజులకు పుండు లేసినట్టు అంచు కింద అంటుకొని ఉన్నయ్. దాని కింద పప్పంత పేరుకుంటున్నది. పీచుతోని రుద్దితె ఊడొస్తున్నయ్."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. పొయ్యి సెగకు గమ్ మెత్తబడుతోంది, అవ్వ చేతికి మిగిలింది ఊడుతోంది. హైదరాబాద్ నుంచి వచ్చిన తెలివి కొబ్బరి పీచుకు ఆగలేదు!

"ఊడితే ఊడనీ అవ్వా. నువ్వు మంచిగ తోము. మెతుకు మిగిలిందంటె నేనూరుకోను."

"మరి గివ్వి? అల్లుడు సారు ఒక్కటి గూడ పోవద్దని చెప్పిండు గద. పారెయ్యన?"

"పారెయ్యకు. నీ కాడనే పెట్టుకో. సారుకు నేను చెప్త."

చెప్పలేదు. మరిచిపోయి కాదు, కావాలనే చెప్పలేదు. ఆ మిషన్ అందరి ముందూ బోర్లా పడాలి, సేటు నా వైపు తిరిగి "నీ పుస్తకం తియ్యి" అనాలి. ఆ ఒక్క మాట కోసం పెండ్లిళ్ళ సీజనంతా నోరు మూసుకున్నాను. మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రెండు నెలలూ ఎట్లా ఆపుకున్నానో నాకే ఆశ్చర్యం. నడుమ అవ్వ మరోసారి అడిగింది, "చెప్పినవా బిడ్డా?" అని. "ఆఁ, చెప్పిన, చెప్పిన" అన్నాను.

మూఢం వచ్చి పెండ్లిళ్ళు ఆగాక సరుకు చూసుకోవడానికి సేటు, అల్లుడు ఇద్దరూ ఎల్లారెడ్డికి వచ్చారు. అల్లుడు సారు మిషన్ పట్టుకుని గోదామంతా తిరిగాడు. కుర్చీలు సరి. టేబుళ్ళు సరి. గంజులు నలభై ఒకటి లేవు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా పండుగ వచ్చిందనుకున్నాను. గంజులన్నీ మా కళ్ళ ముందే, గోడ పొడుగునా, ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. "సేటూ, చేతితోని లెక్కపెడ్దమా?" అన్నాను తియ్యగా.

"చేతి లెక్క మీదనే గద ఇన్నేండ్లు నడిచింది, అందుకే ఎన్ని పోయినయో ఎవరికీ తెల్వదు" అన్నాడు అల్లుడు. "ఇక్కడున్నయి ట్యాగ్ పెట్టని పాత గంజులు. ట్యాగ్ పెట్టినయి నలభై ఒకటి బయటికి పోయినయి. మళ్ళ గేటుల నుంచి లోపలికి రాలే."

ఏమి తెలివి! ట్యాగ్ లేకపోతే గంజు లేదట. ఎదురుగా గుట్టలా కూర్చున్నా లేదట. తగిలితే మోకాలు పగిలే వస్తువును పట్టుకుని, నువ్వు లేవని చెప్పగలిగినవాడికి ఏం చెప్తాం? నేను ఇంకో నిమిషం ఆగుదామనుకున్నాను. ఇంకాస్త లోతుకు దిగనీ, అప్పుడు చెప్తా అనుకున్నాను.

అప్పుడే సేటు అడిగాడు, "గంజులు ఆఖరికి ఎవరి చేతులకు పోతయి?" అని.

హమాలీల్లో ఒకడు అన్నాడు, అవ్వ తోముతుందని. ఇంకొకడు, అడగకుండానే, అవ్వ సాయంత్రాలు కొంగులో ఏదో మూట కట్టుకుపోవడం చూశానన్నాడు. సేటు ముఖం మారింది. పాత సామాను కొనేవాళ్ళ ఆటో అవ్వ గల్లీలోనే ఆగుతుందని అల్లుడికి గుర్తొచ్చింది. మూడు మాటల్లో నలభై ఒక్క గంజులు అమ్ముకున్న దొంగ తయారైంది.

అక్కడే చెప్పాలి నేను. ఒక్క మాట. "ట్యాగులు ఊడిపోయినయి, నేనే దాచిపెట్టుమన్న." ఆ మాట గొంతుదాకా వచ్చింది. కానీ వెంటనే, రెండు నెలల నుంచి ఎందుకు చెప్పలేదని సేటు అడుగుతాడు. ఏమని చెప్పాలి? మీ అల్లుడు నవ్వులపాలు కావాలని చూశానని చెప్పాలా? తేలు కుట్టిన దొంగలా మెదలకుండా ఉన్నాను. అవ్వ ఇల్లు వెతుకుదామని సేటు లేచాడు. పోతే అక్కడ గంజులుండవు, ఉత్త చేతులతో తిరిగి వస్తారు, అంతే కదా అనుకున్నాను. మిషన్ వెంట తీసుకుపోతున్నారన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. నన్ను మించినవాడు లేడని చెప్పానుగా, అదీ నా తెలివి.

మేం పోయేసరికి అవ్వ వాకిట్లో కూర్చుని కోడలికి తునికాకు తడిపి ఇస్తోంది. మమ్మల్ని చూసి లేచి కొంగు సర్దుకుంది. "సేటు వచ్చిండు, చాప వెయ్యి" అని కోడలికి కేక వేసింది.

"గంజులేడ పెట్టినవ్?" అన్నాడు సేటు.

"ఏ గంజులు సేటూ?"

"నలభై ఒకటి."

అవ్వ మొదట నవ్వింది. పరాచికమనుకుంది. అల్లుడు సారు మిషన్ ఎత్తి గడప దాటాడు. లోపల అది కూసింది.

ఆ కూత నేను గోదాములో వందసార్లు విన్నాను.  ఆ ఇంట్లో విన్నాక నాకు తెలిసింది, ట్యాగుల మూట అక్కడే ఉందని, దేవుడి గూట్లో, ఎవరో ఒకరు వచ్చి అడిగేదాకా భద్రంగా. అల్లుడు సారు స్క్రీన్ మా వైపు తిప్పాడు. నలభై ఒకటి. ఒక్కటి తక్కువ లేదు.

అది రెండర్రల ఇల్లు. ఒక అర్రలో మంచం, బియ్యం డబ్బా, తునికాకు బుట్టలు. ఇంకో అర్రలో పొయ్యి. మా గంజు ఒక్కటి లోపలికి తేవాలన్నా తలుపు దగ్గర పక్కకు తిప్పి తేవాలి. నలభై ఒకటి ఎక్కడ పడతాయి? ముగ్గురం చూస్తున్నాం. ముగ్గురికీ కళ్ళున్నాయి. ఆ కళ్ళు లేవంటున్నాయి, మిషన్ ఉన్నాయంటోంది, మిషన్ గెలిచింది. పక్కింటి ముసలాయన వాకిట్లోంచి అననే అన్నాడు, "గీ ఇంట్ల నలభై గంజులు వట్టే జాగ ఉన్నదా! ఎరుకైతె మేం గూడ వచ్చి ఉండేటోళ్ళం గద." గల్లీ జనం నవ్వారు. ఆ నవ్వుకు అల్లుడు సారుకు ఇంకా రోషం వచ్చింది.

మంచం ఎత్తారు. పరుపు విప్పారు. బియ్యం డబ్బా వాకిట్లోకి తెచ్చి గుమ్మరించారు. తునికాకు బుట్టలు బోర్లించారు. కోడలు ఏడుస్తూ ఆకు ఏరుకుంటోంది. అంత చిన్న ఇంట్లో కూత ఏ మూల చూసినా ఒకేలా ఉంది. అవ్వ మాత్రం, "గంజులు నా ఇంట్ల లేవు సేటూ, దేవుని మీద ఒట్టు" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. ట్యాగుల సంగతి ఒక్కరూ అడగలేదు, ఆమెకు తట్టలేదు. నల్లముక్కలు కూస్తాయని ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

మధ్యమధ్య నా వైపు చూసింది. నేను గోదాము మనిషిని. ఇరవై ఏళ్ళు ఆమె గంజు అంచు కింద వేలు తిప్పినవాణ్ణి. నేను చెప్తే సేటు వింటాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా" అంది.

నేను తల తిప్పి, వాకిట్లో పడి ఉన్న బియ్యం వంక చూశాను.

"భూమిల పాతిపెట్టినట్టున్నది" అన్నాడు అల్లుడు. పొయ్యి పక్కన నేల కొత్తగా అలికి ఉంది. ఎవరో గడ్డపార తెచ్చారు. అంత పెద్ద గంజులు పొయ్యి పక్కన నేలలో పాతడమా, నిద్దట్లో కూడా ఎవడూ అనుకోడు ఆ మాట! గడ్డపార నేలలో దిగింది. అలికిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. ఎవరో, "గిన్నేండ్ల సంది మంచిదనుకుంటిమి" అన్నారు. అవ్వ ఆ మాట విన్నది. విని, నేల మీద కూలబడింది.

అప్పుడు చెప్పాను. "గూట్ల ఉన్నది. పటాల ఎనుక. గంజులు కావు, ట్యాగులు. ఊడిపోతున్నయని అవ్వ నాకు చెప్పింది. నేనే దాచిపెట్టుమన్న."

అవ్వే లేచి మూట తీసి, సేటు ముందు విప్పింది. ఒక్క ట్యాగ్ మీద జిడ్డు లేదు. కడిగి, ఆరబెట్టి, పదేసి చొప్పున దారంతో కట్టి పెట్టింది. నాలుగు కట్టలు, పైన ఒక్కటి.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళు కనీసం సిగ్గుపడతారు. అల్లుడు సారు ఒక కట్ట చేతిలోకి తీసుకుని, మిషన్ దగ్గర పెట్టి చూసి, "చూసినవా మామా? మిషన్ తప్పు చెప్పలే. ఎక్కడున్నయో కరెక్ట్‌గ పట్టిచ్చింది" అన్నాడు. అవును, మిషన్ తప్పు చెప్పలేదు. ఆయన మీద ఉమ్మేద్దామన్నంత అసహ్యం వేసింది. కానీ ఆ గదిలో అన్నీ తెలిసి నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే. ఉమ్మాలంటే ముందు నా ముఖం మీదే ఉమ్ముకోవాలి.

ఆ సాయంత్రం గోదాములో గంజులు చేత్తో లెక్కపెట్టాం. ఒక్కటి కూడా పోలేదు. సేటు నన్ను హమాలీల ముందే తిట్టాడు.  తిట్టాడే గానీ తీసెయ్యలేదు. నన్ను తీసేస్తే గోదాము ఎవరు చూస్తారని కాబోలు. ఇప్పుడు ట్యాగులను గమ్‌తో అంటించడం లేదు. గంజు చెవికి రంధ్రం చేసి రివెట్ కొడుతున్నారు. ఎంత రుద్దినా ఊడదు. పనిచేస్తున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి. నేను కూడా మిషన్ పట్టుకుని తిరుగుతున్నాను. అల్లుడు సారు ఇప్పటికీ తను గెలిచాననే అనుకుంటాడు. అనుకోనీ.

వారం తర్వాత సేటు నన్ను అవ్వ ఇంటికి పంపాడు. పనికి రమ్మను, ఇకమీద ఎవరూ ఏమీ అనరు అని చెప్పమన్నాడు. ఒక బస్తా బియ్యం కూడా ఆటోలో వేయించాడు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. 

అవ్వ పొయ్యి పక్కన తవ్విన చోట మట్టి మెత్తి, పేడతో అలుకుతోంది. నన్ను చూసి లేచింది. చేతులు కడుక్కుని, పక్కింటినుంచి కుర్చీ తెప్పించి వేసింది. ఇన్నేళ్ళలో ఆ ఇంటికి పోయినప్పుడల్లా నేను గడప మీదే కూర్చునేవాణ్ణి. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. బియ్యం బస్తా వంక చూసి, "దించొద్దు, ఆటోల్నే ఉండనియ్యి" అంది కోడలితో.

"అవ్వా, తప్పైంది నాది" అన్నాను.

"మీదేం తప్పున్నది సారూ."

నేను తలెత్తి చూశాను. వెటకారం లేదు. కోపం కూడా లేదు. ఎవరో ఆఫీసు మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"సేటు పనికి రమ్మంటున్నడు. ఎవ్వరు ఒక్క మాటనరు. నేనున్న గద."

"కోడలికి ఆకు కత్తిరిచ్చుడు ఉన్నది సారూ. వీలు గాదని చెప్పుండ్రి." కొంగుతో చేతులు తుడుచుకుంది. "అల్లుడు సారుకు నేను ఎరుక లేను. మిషిన్ చెప్పింది, ఆయన ఇన్నడు. ఆయననేమంటం? మీకు ఎరుకే గద సారూ."

కోడలు చాయ్ తెచ్చింది. వద్దనలేకపోయాను. నేను తాగి గ్లాసు కింద పెట్టేదాకా అవ్వ కూర్చోలేదు. సేటు వచ్చినప్పుడు నిలబడినట్టే, గోడ పక్కన నిలబడి ఉంది.